ఉన్నట్టుండి పాదం పోటెత్తితే ఏం చేయాలి: కీళ్లవాతంతో బతికేవాళ్ల కోసం

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి 11 ఏళ్లయింది. మా ఇంట్లో దాన్ని కీళ్లవాతం అంటాం. తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. రెండేళ్ల కిందట కార్తీక మాసంలో ఒక రాత్రి మిషన్ దగ్గర నుంచి లేచి రెండడుగులు వేశానో లేదో, కుడి పాదం పైభాగంలో దబ్బనంతో పొడిచినట్టు జివ్వుమంది. గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కింటామె చూసి "ఏం మా, మళ్లీ వాతమా?" అంది. "అవును, అదే" అన్నాను. ఆ ఒక్క మాటతో 19 రోజులు పోయాయి.

వాతమే అనుకుని, ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ మాత్రలు నా అంతట నేనే ఒకటికి రెండు వేసుకున్నాను. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో నొప్పి ఇంజెక్షన్ వేయించుకున్నాను. నొప్పి తగ్గినట్టే తగ్గేది, మిషన్ తొక్కగానే మళ్లీ వచ్చేది. చివరికి తేలిందేమిటంటే, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడి పలచబడ్డ పాదం ఎముక ఒకటి సన్నగా చిట్లింది. ఆ ఎముక మీదే 19 రోజులు నడిచాను. పైగా నేను రెట్టింపు చేసుకున్న మాత్ర ఎముకను ఇంకా బలహీనపరిచే మందు.

ఒంట్లో ఒక పాత జబ్బు ఉంటే కొత్తగా వచ్చిన ప్రతి నొప్పినీ దాని ఖాతాలోనే రాసేస్తాం. ఇంట్లోవాళ్లూ అలాగే అనుకుంటారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా. రుమటాయిడ్ కావచ్చు, వెన్నుకు వచ్చే స్పాండిలైటిస్ కావచ్చు, సోరియాసిస్‌తో వచ్చే కీళ్లనొప్పులు కావచ్చు, లూపస్ కావచ్చు, మీది ఏదైనా సరే, ఉన్నట్టుండి పాదం పోటెత్తితే "అదేలే" అనుకునే ముందు కాసేపు ఆగి చూడండి. ఎలా చూడాలో, తర్వాత ఏం చేయాలో వరసగా చెప్తాను. నేను డాక్టర్ని కాను. ఇవన్నీ నాకు వైద్యం చేసినవాళ్లు ఓపిగ్గా చెప్పినవి, నేను ఆలస్యంగా నేర్చుకున్నవి.

మొదట కూర్చోండి, మెట్టెలు తీసేయండి

నొప్పి వచ్చిన చోటే కూర్చోండి. ఇంకో నాలుగడుగులు వేసి చూద్దాం, సర్దుకుంటుందేమో అనుకోవద్దు. ఎముక చిట్లినా, కండను ఎముకకు కలిపే తాడు లాంటి నరం తెగినా, ఆ నాలుగడుగులే చిన్న దాన్ని పెద్దది చేస్తాయి. కాలు ఒక దిండు మీద పెట్టండి. ఎవరైనా వచ్చి నూనె రాసి రుద్దుతామంటే వద్దని చెప్పండి. మా అత్త ప్రేమకొద్దీ నువ్వుల నూనె వేడి చేసి తెచ్చింది. ఏం జరిగిందో తెలియకుండా రుద్దకూడదని అప్పట్లో మా ఇద్దరికీ తెలియదు.

ఆడవాళ్లకు ఇంకో ముఖ్యమైన పని. వాపు మొదలయ్యే లోపు మెట్టెలు, పట్టీలు తీసేయండి. వేలు ఉబ్బాక మెట్టె రాదు, లోపల రక్తం ఆడదు. బిగుసుకుంటే సబ్బు నురగ రాసి, మెల్లగా తిప్పుతూ లాగండి. అప్పటికీ రాక వేలు నల్లగానో నీలంగానో మారుతుంటే ఆసుపత్రిలో కత్తిరిస్తారు, మొహమాటపడకుండా కత్తిరించనివ్వండి. మెట్టెలు తీయడం అశుభమని పెద్దవాళ్లు బాధపడితే వాటిని పసుపు బట్టలో చుట్టి దేవుడి దగ్గర పెట్టించండి. నేను అలాగే చేశాను, ఇంట్లో అందరి మనసూ కుదుటపడింది.

రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడండి

ట్యూబులైటు వెలుతురు చాలకపోతే ఫోన్ టార్చి వేయండి. బాగున్న పాదాన్నీ నొప్పి పాదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలి. ఒక్క పాదాన్నే చూస్తే తేడా తెలియదు.

రంగు చూడండి. ఎర్రబడుతుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు. ముదురు రంగుగా, ఊదా కలిసినట్టుగా, చర్మం బిగుసుకుని నిగనిగలాడుతూ కనిపిస్తుంది. తర్వాత చెయ్యి వెనకవైపు ఆనించి వేడి చూడండి. పిల్లలకు జ్వరం చూసినట్టే. ఒక పాదం కాలుతూ ఉందా, లేక చల్లగా ఉందా? కాలివేళ్ల సందులు, అరికాలు, మడమ పగుళ్లు అన్నీ చూడండి. ముల్లు గుచ్చుకున్న చోటు, చిన్న పుండు, చెప్పు ఒరిపిడి, ఏది ఉన్నా గుర్తుపెట్టుకోండి. వంగి చూడలేకపోతే అద్దం కింద పెట్టి చూడండి, లేదా ఇంట్లో పిల్లలతో ఫొటో తీయించండి.

బొటనవేలికీ పక్కవేలికీ మధ్య గాడి వెంట పాదం పైకి వేళ్లు జరుపుతూ వస్తే, మధ్యలో ఒకచోట నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. కొందరికి ఆరోగ్యంగా ఉన్నా ఆ చోట అందదు, అందుకే రెండు పాదాల్లోనూ చూడాలి. ఒకదాంట్లో అంది రెండోదాంట్లో అందకపోతే ఆ తేడానే ముఖ్యం. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, ఒకటి రెండు అనే లోపు మళ్లీ రంగు రావాలి.

చివరగా నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించగలరా చూడండి. ఒకే చోట వేలు పెట్టి "ఇక్కడే" అనగలిగితే అది ఒక రకం. పాదమంతా అరచేత్తో నిమిరి చూపాల్సి వస్తే అది వేరే రకం. నాకు ఆ రాత్రే ఒక్క వేలితో చూపించగలిగేంత స్పష్టంగా ఉంది. అప్పుడు ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

థర్మామీటర్ పెట్టి జ్వరం చూసి, టైముతో సహా కాగితం మీద రాసుకోండి.

ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు

కీలు ఒక్కటే వాచి, కాలిపోతూ, కదిపితే ప్రాణం పోయేలా ఉండి, దాంతో పాటు జ్వరమో చలివణుకో ఉంటే ఆ కీలులో చీము పట్టి ఉండవచ్చు. కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఈ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. జబ్బు వల్ల కీలు ముందే దెబ్బతిని ఉంటుంది, దాన్ని అదుపులో పెట్టడానికి మనం వాడే మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్, బయోలాజిక్ ఇంజెక్షన్లు ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తిని తగ్గిస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. స్టెరాయిడ్ వాడేవాళ్లకు లోపల చీము ఉన్నా జ్వరం పెద్దగా రాకపోవచ్చు. అందువల్ల "జ్వరం లేదుగా" అని ధైర్యపడకండి. చీము పట్టిన కీలు కొద్ది రోజుల్లోనే లోపల అరిగిపోతుంది, మళ్లీ మామూలు కాదు. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుని వెళ్లొద్దు. డాక్టర్ ముందు సూదితో కీలులోని నీరు తీసి ల్యాబ్‌కు పంపాలి. మీరు ముందే మందు మింగేస్తే ఏ క్రిమి ఉందో ఆ పరీక్షలో తేలకపోవచ్చు.

పాదం చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, నాడి అందకపోతే రక్తనాళం మూసుకుపోయి ఉండవచ్చు. దీనికి గంటలే గడువు. సుమారు 6 గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. కాపడం పెట్టొద్దు, ఐస్ పెట్టొద్దు, కాలు ఎత్తి పెట్టొద్దు, దిండు మీద ఉంటే దించి బయలుదేరండి.

పిక్క వాచి గట్టిపడి నొప్పిగా ఉంటే కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఒంట్లో వాపు జబ్బు ఉన్నవాళ్లకు ఆ అవకాశం కాస్త ఎక్కువే. దాంతో పాటు ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

మడమ వెనక "టప్" మన్నట్టు వినిపించి, ఎవరో వెనక నుంచి తన్నినట్టు అనిపించి, ఆ తర్వాత మునివేళ్ల మీద నిలబడలేకపోతే మడమ నరం తెగి ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈ మధ్య వాడినవాళ్లు, అందులోనూ స్టెరాయిడ్ కూడా వాడుతున్నవాళ్లు దీన్ని తప్పకుండా గుర్తుంచుకోవాలి. ఆ రెండూ కలిస్తే ఈ నరం తెగే ప్రమాదం పెరుగుతుంది.

ఏళ్లుగా కీళ్లవాతం ఉన్నవాళ్లకు అరుదుగా ఇంకొకటి వస్తుంది. పాదంలో నొప్పి, తిమ్మిరి వచ్చి, పాదం పైకి లేవక నడుస్తుంటే వేళ్లు నేలకు రాసుకుంటాయి, చెప్పు జారిపోతూ ఉంటుంది. స్పర్శనూ కదలికనూ మోసే నరాలకు రక్తం అందించే సన్న నాళాలు వాచినప్పుడు ఇలా అవుతుంది. నొప్పి తక్కువే ఉన్నా ఇది కూడా అత్యవసరమే.

షుగర్ ఉండి పాదానికి పుండు ఉంటే, ఎరుపు గంటగంటకూ పాకుతూ ఉంటే, బొబ్బలు లేస్తే, చర్మం నల్లబడితే, పైకి కనిపించే దానికంటే నొప్పి విపరీతంగా ఉంటే ఇవీ అంతే. పాకే ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీసి టైము రాయండి. ఆసుపత్రికి చేరేసరికి గీత దాటిందో లేదో డాక్టర్‌కు కళ్లముందే కనిపిస్తుంది.

తిరుపతిలో ఉన్నవాళ్లకు అలిపిరి రోడ్డులో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ దగ్గర దగ్గరే. రాత్రి అయినా ఎమర్జెన్సీ ఉంటుంది. ఆటో ఎక్కే స్థితి లేకపోతే 108కు ఫోన్ చేయండి. కొండ మీద ఉన్నప్పుడు ఇలా అయితే కిందికి దిగుదాంలే అనుకోకుండా ముందు తిరుమలలోని అశ్విని ఆసుపత్రిలో చూపించండి. పల్లెల్లో ఉన్నవాళ్లు దగ్గర్లో ఎముకల డాక్టరో, జనరల్ డాక్టరో రాత్రిపూట ఉండే ఆసుపత్రికి వెళ్లండి.

మన చిత్తూరు, తిరుపతి వైపు పెద్ద జబ్బంటే వేలూరు ఆసుపత్రికి పోవాలని ఒక అలవాటు. నేనూ నా కీళ్లవాతానికి మొదట్లో అక్కడికే వెళ్లేదాన్ని. నెలలకొద్దీ సాగే జబ్బుకు అది సరే. పైన చెప్పిన లక్షణాలతో తిరుపతి నుంచి రెండు మూడు గంటలు కారులో కూర్చుని వెళ్లొద్దు. ముందు దగ్గర్లో చూపించుకోండి, వేలూరు తర్వాతైనా వెళ్లవచ్చు.

ఎక్కడ, ఎప్పుడు, ఎలా మొదలైంది

పైవేవీ లేకపోతే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఇప్పుడు నొప్పి కథేమిటో ఆలోచించండి. పేరు పెట్టేది డాక్టరే, కానీ కథ సరిగా చెప్పాల్సింది మనం.

కీళ్లవాతం ఎక్కువైనప్పుడు సాధారణంగా రెండు పాదాల్లోనూ, ముఖ్యంగా వేళ్ల మొదళ్లలో నొప్పి వస్తుంది. పొద్దున లేచి కాలు కింద పెడితే గులకరాళ్ల మీద నడిచినట్టు ఉంటుంది. బిగుసుకుపోయిన కీళ్లు సడలడానికి గంటో అంతకంటే ఎక్కువో పడుతుంది. చేతివేళ్లు, మణికట్లు కూడా అదే సమయంలో మొరాయిస్తాయి. రెండు మూడు రోజులుగా ఒళ్లంతా నలతగా ఉండి, ఆ తర్వాత పాదం వాచితే అది పాత జబ్బు తిరగబెట్టడం కావచ్చు. మిగతా కీళ్లన్నీ బాగుండి ఒక్క పాదమే, అదీ ఒక్కసారిగా వచ్చిందంటే అనుమానించాలి.

రాత్రి బాగానే పడుకుని, అర్ధరాత్రి దాటాక బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టు లేచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ గుర్తుకు రావాలి. యూరిక్ యాసిడ్ సన్నటి స్ఫటికాలుగా కీలులో పేరుకోవడం వల్ల వచ్చే నొప్పి ఇది, 24 గంటల లోపే పతాక స్థాయికి చేరుతుంది. కీళ్లవాతం ఉంటే గౌట్ రాదనేమీ లేదు, రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతున్నా, పెళ్లిలోనో జాతరలోనో రెండు రోజులు మాంసం, మద్యం ఎక్కువైనా, ఎండలో తిరిగి నీళ్లు తక్కువ తాగినా ఇది లేస్తుంది. ఇక్కడ చాలామంది ఒకచోట మోసపోతారు. నొప్పి ఉన్న రోజు రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. రిపోర్టు బాగుందని గౌట్‌ను కొట్టిపారేయలేం. నమ్మకంగా తేల్చేది కీలు నీటి పరీక్షే. నొప్పి తగ్గిన రెండు వారాల తర్వాత రక్తపరీక్ష మళ్లీ చేయించాలి.

మడమ విషయానికొస్తే, పొద్దున మొదటి అడుగు వేసినప్పుడు మడమ అడుగున గుచ్చి, నాలుగడుగులు నడిచాక తగ్గితే అది అరికాలి పట్టీ వాపు, అంటే మడమ నుంచి వేళ్ల వైపు సాగే గట్టి పొర వాచడం. మామూలు మనుషులకూ చాలామందికి ఉంటుంది. మడమ వెనక, నరం ఎముకకు అతుక్కునే చోట వాచి ఉంటే, ముఖ్యంగా స్పాండిలైటిస్ ఉన్నవాళ్లకు, అది జబ్బులో భాగమే కావచ్చు. అక్కడ నరంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే నరం తెగే ప్రమాదం ఉంది. ఎవరైనా వేస్తామంటే మీ కీళ్లవాతం చూసే రుమటాలజీ డాక్టర్‌ను అడగకుండా ఒప్పుకోవద్దు. సోరియాసిస్ ఉన్నవాళ్లకు ఒక వేలు మొత్తం, గోరు నుంచి మొదలు దాకా, దొండకాయలా ఉబ్బుతుంది. తలలో పొట్టు, మోచేతుల మీద పొలుసులు ఉన్నా ఎప్పుడూ పట్టించుకోనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

ఇక నాకు వచ్చింది. పాదం పైభాగంలో ఒకే ఎముక మీద, ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి. నడిస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. రెండు రోజులకు ఆ చోట మెత్తటి వాపు. పడిపోయి ఉండక్కర్లేదు, దెబ్బ తగిలి ఉండక్కర్లేదు. పలచబడ్డ ఎముకకు అలవాటు లేని శ్రమే చాలు. దీపావళికి ముందు నేను రోజుకు 12 గంటలు కాలితో మిషన్ తొక్కాను. మొక్కు ఉందని ఒక్కసారిగా అలిపిరి 3,550 మెట్లు ఎక్కినవాళ్లకు, శ్రీవారి మెట్టు మీదుగా 2,388 మెట్లు ఎక్కినవాళ్లకు, ఇంట్లో పెళ్లికి నాలుగు రోజులు వరసగా గట్టి నేల మీద ఉత్త కాళ్లతో తిరిగినవాళ్లకు ఇలాగే అవుతుంది. స్టెరాయిడ్ మూడు నెలలకు మించి వాడినవాళ్లు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు దీన్ని గట్టిగా అనుమానించాలి.

ఇంకో మాట గుర్తుంచుకోండి. ఇలా చిట్లిన ఎముక మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలే. నాకు మొదటి ఎక్స్‌రే "నార్మల్" అనే వచ్చింది. ఆ కాగితం చూసుకుని నేను నిశ్చింతగా మళ్లీ మిషన్ ఎక్కాను. ఎముక అతుక్కోవడం మొదలయ్యాకే, రెండో ఎక్స్‌రేలో చిట్లిన చోటు కనబడింది. నొప్పి ఒకేచోట ఉండి ఎక్స్‌రే బాగుందంటే "మళ్లీ ఎప్పుడు తీయించాలి, ఎమ్మారై కావాలా" అని అడిగి రండి.

మొదటి రెండు రోజులు ఇంట్లో

డాక్టర్ అపాయింట్‌మెంట్ రెండు రోజుల్లో ఉందనుకుందాం. అప్పటిదాకా పాదానికి విశ్రాంతి ఇవ్వాలి. వంటగదిలో స్టూల్ వేసుకోండి. బాత్రూంకు వెళ్లేటప్పుడు చేతికర్ర పట్టుకోండి. కర్ర నొప్పి ఉన్న కాలి వైపు చేతిలో పట్టుకుంటారు చాలామంది. అది తప్పు, బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. చేతివేళ్లు బాగా వంకరపోయినవాళ్లకు కర్ర పట్టుకోవడం కష్టం, వాళ్లకు ముంజేతిని ఆనించుకునే వాకర్ మేలు.

కీలు వేడిగా వాచి ఉంటే చల్లదనం మంచిది. ఫ్రిజ్‌లో పెట్టిన పాల ప్యాకెట్‌ను తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు పెట్టండి, రెండు మూడు గంటలాగి మళ్లీ పెట్టండి. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గినవాళ్లు, పాదం ముందే చల్లగా ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు. వేడినీళ్లలో ఉప్పు వేసి కాలు పెట్టడం మన ఇళ్లలో మొదటి వైద్యం. పొద్దుటి బిగువుకు అది హాయిగానే ఉంటుంది, కానీ కాలుతున్న కీలుకు వేడి పెడితే వాపు పెరుగుతుంది.

పుత్తూరు కట్టు గురించి చెప్పకుండా మన జిల్లాలో కాలినొప్పి మాట పూర్తికాదు. ఎముక విరిగితే పుత్తూరు వెళ్లి ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టు కట్టించుకోవడం తాతల నాటి నుంచి వస్తున్నదే. మా నాన్న చెయ్యి విరిగినప్పుడు అక్కడే కట్టించాం. అయినా కీళ్లవాతం ఉన్న మనలాంటివాళ్లకు నా మాట వేరు. మన పాదంలో ఉన్నది విరుపో, చీమో, గౌటో తెలియకుండా ఏ కట్టూ కట్టించుకోకూడదు. చీము పట్టిన కీలును బిగించి కట్టినా, వాచిన కీలును సరిచేస్తామని లాగినా నష్టం తిరిగి రానిది. ముందు ఎక్స్‌రే, రక్తపరీక్ష, డాక్టర్ మాట.

మాత్రల దగ్గర జాగ్రత్త

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. మన చేతిలో జరిగే తప్పులు ఎక్కువగా ఇక్కడే.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. నొప్పి ఎక్కువగా ఉందని రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఇంట్లో మందులు ఇంకొకరు తీసిచ్చేవాళ్లయితే, వారంలో ఏ రోజు వేయాలో అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి. జ్వరం, చీము అనుమానం ఉంటే ఆ వారం మోతాదు వేసుకోవాలా ఆపాలా అని ఫోన్ చేసి అడగండి. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌ను మెథోట్రెక్సేట్‌తో కలిపి వాడకూడదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా "నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను" అనే మాట ముందే చెప్పండి, పంటి డాక్టర్‌కైనా సరే.

స్టెరాయిడ్‌ను సొంతంగా పెంచొద్దు, భయపడి ఒక్కసారిగా ఆపొద్దు. కొన్ని వారాలుగా వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఒంట్లో సహజంగా ఊరాల్సిన హార్మోన్ అందక, నీరసించి బీపీ పడిపోవచ్చు.

నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ మిగతావాటికంటే నయం. పెద్దవాళ్లు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. లివర్ బాగా లేనివాళ్లు, బక్కపలచనివాళ్లు అంతకంటే తక్కువే వాడాలి. మెథోట్రెక్సేట్ కూడా లివర్ మీద భారం వేస్తుంది కాబట్టి మీకు ఎంతవరకు ఫరవాలేదో మామూలు రోజుల్లోనే డాక్టర్‌ను అడిగి ఉంచుకోండి. షాపులో ఇచ్చే చాలా నొప్పి మాత్రల్లో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్ కూడా కలిపి ఉంటుంది. అట్ట వెనక చదవకుండా రెండు రకాలు కలిపి వేసుకుంటే లెక్క తప్పుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు అడగకుండా వేసుకోకూడదు.

పేరు లేకుండా కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే మాత్రలు వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉందో లేదో మీకు తెలియదు, తర్వాత చూసే డాక్టర్‌కూ తెలియదు.

గౌట్ అని అనుమానం వచ్చి ఎవరో ఇచ్చిన అల్లోపురినాల్, ఫెబుక్సోస్టాట్ లాంటి యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్రలు మొదలుపెట్టకండి. కీళ్లవాతం, లూపస్ లాంటి వాటికి ఇచ్చే అజాథయోప్రిన్ వాడుతున్నవాళ్లకు ఆ రెండింట్లో ఏది తోడైనా రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ముందు నుంచే గౌట్‌కు వాడుతున్నవాళ్లు మాత్రం నొప్పి వచ్చిందని ఆపకూడదు.

డాక్టర్ ముందు మొదటి మాట

నేను 19 రోజుల్లో ముగ్గురు డాక్టర్లను చూశాను. ప్రతిచోటా "నాకు కీళ్లవాతం ఉంది సార్, కాలు నొప్పి" అని మొదలుపెట్టాను. మొదటి సగం వినగానే వాళ్ల చెయ్యి చీటీ మీదకు వెళ్లిపోయేది. నాలుగోసారి నా కూతురు పక్కన కూర్చుని మాట మార్చింది. "సార్, అమ్మకు ఇది ఎప్పుడూ వచ్చే నొప్పి కాదు. ఒక్కసారిగా వచ్చింది, ఒకేచోట ఉంది, నడవలేకపోతోంది" అంది. ఆయన పెన్ను కింద పెట్టి, లేచొచ్చి, పాదం చేత్తో పట్టుకుని చూశారు. మీరు కూడా మాట అలాగే మొదలుపెట్టండి. కొత్తగా ఏం జరిగిందో ముందు చెప్పి, పాత జబ్బు పేరు, మందులు తర్వాత చెప్పండి.

ఓపీలో మనకు దొరికేది నాలుగైదు నిమిషాలు. అందుకే ఒక కాగితం మీద రాసుకెళ్లండి: నొప్పి మొదలైన రోజు, టైము, అప్పుడు చేస్తున్న పని, ఒక్క వేలితో చూపించగల చోటు, జ్వరం అంకెలు, వాడుతున్న ప్రతి మందు మోతాదుతో, ఇంట్లో ఏం వేసుకున్నారో దాచకుండా. రోజూ ఒకే చోట కూర్చుని, ఒకే వెలుతురులో పాదం ఫొటో తీసి ఉంచుకుంటే వాపు పెరిగిందో తగ్గిందో మాటలతో పని ఉండదు.

అడగాల్సిన ప్రశ్నలు నాకైతే మూడే. ఇది నా పాత జబ్బేనని ఎలా చెప్పగలం? కీలులో నీరు ఉంటే తీసి పరీక్ష చేయాలా? ఎన్ని రోజుల్లో తగ్గకపోతే మళ్లీ రావాలి? రక్తంలో ఈఎస్సార్, సీఆర్పీ పెరిగాయంటే ఒంట్లో వాపు ఉందని మాత్రమే అర్థం. వాతమైనా చీమైనా గౌటైనా అవి పెరుగుతాయి. కాబట్టి ఆ అంకె ఒక్కటే చూపి వాతమని తేల్చేస్తే మీ మొదటి ప్రశ్న మళ్లీ అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు.

పొద్దున్నే ఓపీ చీటీ కోసం క్యూలో మీరు నిలబడొద్దు. ఇంట్లోవాళ్లను ముందు పంపండి, లోపల వీల్‌చైర్ అడగండి. పాత ఫైలు, ఎక్స్‌రేలు ఒకే సంచిలో పెట్టుకోండి. మా ఇంట్లో ఆ సంచి తలుపు వెనక మేకుకు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది.

తిరిగి నడవడం

ఎముక చిట్లితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఆ లోపు అడుగు గట్టిగా ఉండే చెప్పో, డాక్టర్ ఇచ్చిన బూటో ఇంట్లో కూడా వేసుకోవాలి. ఇంట్లో చెప్పులేమిటని మా అత్త మొదట ఒప్పుకోలేదు. పూజగది, వంటగది దాకా పోని ఒక జత మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వేరుగా పెట్టుకున్నాను, ఆ గొడవ తీరిపోయింది. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్, డి విటమిన్ పరీక్ష గురించి, ఎముక బలానికి మందు అవసరమా అనే దాని గురించి అడగండి. స్టెరాయిడ్ మొదలుపెట్టినప్పుడే అడగాల్సిన ప్రశ్నలవి.

కొండకు నడిచి వస్తామన్న మొక్కు ఉంటే వాయిదా వేసుకోండి. బస్సులో వెళ్లి దర్శనం చేసుకున్నా స్వామి స్వామే. మళ్లీ మెట్లెక్కాలని మనసు లాగితే, డాక్టర్ సరేనన్నాక ముందు ఇంటి దగ్గర సమతలం నేల మీద పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఆ రోజు ఎలా ఉందనేది కాదు లెక్క, మరుసటి పొద్దున చూడాలి. లేచేసరికి అదే చోట నొప్పి ఉంటే ఆ రోజు నడక మానేసి, మర్నాడు నిమిషాలు తగ్గించండి. నొప్పి లేకుండా వారం గడిస్తే ఇంకో ఐదు నిమిషాలు కలపండి. నేను అలా ఐదేసి నిమిషాలు కలుపుకుంటూ నాలుగు నెలలకు కపిలతీర్థం దాకా నడిచి వెళ్లి, ఆటోలో తిరిగి వచ్చాను. కాలితో తొక్కే మిషన్‌కు మోటారు పెట్టించాను.